గర్భిణి పళ్లెంలో ఏం ఉండొచ్చు, ఏం ఉండకూడదు?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇది తొలిచూలు. ఇప్పుడు 11వ వారం. గర్భం వచ్చిందని తెలియకముందు ఒక వారమంతా బొప్పాయి పండు, అనాస తిన్నాను. అది గుర్తొచ్చినప్పటి నుంచీ సరిగా నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ఒకరు గుడ్డు వద్దంటారు, ఇంకొకరు చేప వద్దంటారు. ఫోన్‌లో వెతికితే నువ్వులు, వంకాయ, వేరుసెనగ, పుచ్చకాయ కూడా ప్రమాదమేనట. ఒక్కొక్కటే మానేస్తూ వచ్చాను. ఇప్పుడు అన్నం, పెరుగు, యాపిల్ తప్ప ఏదీ ధైర్యంగా తినలేకపోతున్నాను. పైగా వాంతులు. వాంతులకు మంచిదని తెలిసినవాళ్లు ఏదో మూలికల పొడి ఇచ్చారు, వాడొచ్చా? కాఫీ పూర్తిగా మానాలా? అన్నట్టు, ఈమధ్య సుద్దముక్క చూస్తే తినాలనిపిస్తోంది, రెండు మూడుసార్లు కొరికాను కూడా. నవ్వకండి. ఏం తినొచ్చో, ఏం తినకూడదో ఒక్కసారి వివరంగా చెప్పండి.

సమాధానం:

అమ్మా, ముందు ఆ బొప్పాయి భయం వదిలేయండి. మీరు తిన్నది పండు. పచ్చి బొప్పాయిలో, సగం పండిన కాయలో పాలు ఉంటాయి. గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే గుణం ఆ పాలకు ఉంది. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎలుకల మీద రెండూ పరీక్షించి చూశారు. పచ్చికాయ పాలకు గర్భాశయం ముడుచుకుంది, బాగా పండిన బొప్పాయి రసానికి అలా జరగలేదు. అందుకే పచ్చి బొప్పాయి కూరలు, సలాడ్లు మానమంటాం. తొక్కంతా పసుపు తిరిగి, మెత్తగా పండిన పండుతో ఆ భయం లేదు. అనాస మీద అనుమానానికి కారణం అందులో ఉండే బ్రోమెలైన్ అనే ఎంజైము. అది ఎక్కువగా ఉండేది కాండంలో, పండు మధ్యలోని గట్టి భాగంలో. మనం తినే నాలుగు ముక్కల వల్ల గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. ఎక్కువ తింటే గుండెల్లో మంట వస్తుంది, అంతే.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే ఈ భయం మీ ఒక్కరిదే కాదు. తొలి మూడు నెలల్లో గర్భం పోయిన సందర్భాల్లో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. అది బిడ్డ ఏర్పడేటప్పుడే జరిగిపోయేది. తల్లి తిన్న పండుకీ దానికీ సంబంధం లేదు. అయినా గర్భం పోయిన ప్రతి ఇంట్లో "ఏం తిన్నావు?" అనే ప్రశ్నే ముందు వస్తుంది. ఆ ప్రశ్న మోసిన ఆడవాళ్లు ఏళ్ల తరబడి తమను తాము తప్పుపట్టుకుంటూ ఉంటారు. మీరు ఆ బరువు ముందుగానే ఎత్తుకోవద్దు.

ఇక మీరు ఉత్తరం చివర్లో మాటవరసకి అన్నట్టు రాసిన సుద్దముక్క. అది నవ్వే విషయం కాదు. మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది అదే. సుద్ద, మట్టి, పచ్చి బియ్యం, ఐసు ముక్కలు, ఇలాంటివి తినాలనిపించడం చాలామంది గర్భిణుల్లో ఉంటుంది. చాలాసార్లు దాని వెనక ఐరన్ లోపం ఉంటుంది. ఐసు కొరికితే పళ్లకు తప్ప పెద్ద నష్టం లేదు గానీ మట్టి, సుద్ద అలా కాదు. వాటిలో సీసం ఉండొచ్చు, మట్టిలోనైతే నులిపురుగుల గుడ్లూ ఉండొచ్చు. సీసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాబట్టి ఇవాళే ఆపేయండి. ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకోండి. తొలి మూడు నెలల్లో హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఒక్కోసారి హీమోగ్లోబిన్ బాగానే కనిపిస్తుంది గానీ ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉంటాయి. అందుకే ఫెర్రిటిన్ పరీక్ష కూడా చేయమని అడగండి. సుద్ద తిన్న సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అన్నం, పెరుగు, యాపిల్. మీ సుద్ద కోరికకూ ఈ మూడింటికే కుదించుకున్న తిండికీ సంబంధం ఉందనే నా అనుమానం. ఈ మూడింట్లో ఏదీ చెడ్డది కాదు. కానీ మూడూ కలిసినా ఐరన్ దాదాపు రాదు, ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లం) చాలదు, అయోడిన్, మాంసకృత్తులు కూడా సరిపోకపోవచ్చు. ఫలానాది తింటే ఏమవుతుందో అన్న టెన్షన్‌లో, తినకపోతే ఏమవుతుందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. బిడ్డ రక్తం, ఎముక, మెదడు మీరు తిన్న తిండిలోంచే తయారవుతాయి. కాబట్టి అక్కర్లేకుండా ఒక మంచి ఆహారాన్ని మానేయడం కూడా నష్టమే. అది చేటు చేసే ఆహారం తిన్నంతగా కంటికి కనిపించదు, అంతే తేడా.

మీ జాబితాలో ఒక్కొక్కటీ చూద్దాం. నువ్వులు, వంకాయ మామూలుగా వంటలో వాడే మోతాదులో గర్భానికి హాని చేస్తాయనడానికి ఏ ఆధారమూ లేదు. నువ్వుల్లో కాల్షియం, ఐరన్ రెండూ ఉన్నాయి, హాయిగా తినండి. వేరుసెనగ తింటే బిడ్డకు అలర్జీ వస్తుందని ఒకప్పుడు డాక్టర్లే మానమనేవారు. ఇప్పుడు ఆ సలహా వెనక్కి తీసుకున్నారు. మీకు అలర్జీ లేకపోతే వేరుసెనగ మీకు మంచి మాంసకృత్తులు ఇస్తుంది. పుచ్చకాయ మంచిదే, కాకపోతే కోసి పెట్టి అమ్మే ముక్కలు వద్దు. కాయ తెచ్చి, పైతొక్క కడిగి, ఇంట్లో కోసి, వెంటనే తినండి. తొక్క మీద ఉన్న క్రిమి కత్తితో పాటు లోపలి గుజ్జులోకి వెళుతుంది. కోసి బయట పెట్టిన ముక్కల్లో అది పెరగడానికి కావలసినవన్నీ ఉంటాయి. ఖర్బూజాకైతే ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం, దాని గరుకు తొక్కలో మట్టి బాగా పట్టి ఉంటుంది.

గమనించారా, ఇక్కడ సమస్య పుచ్చకాయది కాదు, దాన్ని ఎలా కోశారు, ఎంతసేపు ఉంచారు అన్నది. గర్భిణి తిండి విషయంలో నిజమైన ప్రమాదాల్లో చాలావరకు ఇలాంటివే. పేర్ల జాబితా బట్టీ పట్టడం కంటే, పచ్చిదా ఉడికిందా, ఇప్పుడు వండిందా నిన్నటిదా, కడిగారా లేదా అని అడగడం మిమ్మల్ని ఎక్కువగా కాపాడుతుంది. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫోన్‌లో తిరిగే జాబితాల్లో పండ్ల పేర్లే ఉంటాయి గానీ ఈ సంగతి ఎక్కడో అడుగున ఉంటుంది.

లిస్టీరియా అని ఒక బాక్టీరియా ఉంది. మామూలు మనుషులకు అది సోకడమే అరుదు. గర్భిణికి మాత్రం మిగతావాళ్ల కంటే సుమారు 10 రెట్లు ఎక్కువగా సోకే అవకాశం ఉంది, ఎందుకంటే బిడ్డను నిలుపుకోవడానికి ఒంట్లో రోగనిరోధక శక్తి తీరే కొంత మారుతుంది. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులు, అంతకుమించి ఏమీ కనిపించకపోవచ్చు. బిడ్డకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. గర్భం పోవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. ఈ క్రిమికి ఉన్న ఇంకో గుణం ఏమిటంటే, ఫ్రిజ్ చలిలో కూడా ఇది పెరుగుతుంది. మిగతా చాలా క్రిములు చల్లదనానికి నెమ్మదిస్తాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాం, ఇంకేం ఫర్వాలేదు అనుకుంటాం. లిస్టీరియా విషయంలో ఆ ధీమా చెల్లదు.

1985లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ కౌంటీలో ఒక రకం మెత్తటి చీజ్ వల్ల ఇది వ్యాపించింది. 142 మందికి సోకితే అందులో 93 మంది గర్భిణులు, లేదా వాళ్ల పసికందులు. 20 మంది బిడ్డలు కడుపులోనే పోయారు, మరో 10 మంది పుట్టాక పోయారు. ఆ చీజ్‌లో పాశ్చరైజ్ చేయని పాలు కలిసి ఉంటాయని దర్యాప్తులో తేలింది. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీరు బొప్పాయి పండుకి పెట్టిన భయం నిజానికి ఎక్కడ పెట్టాలో చూపించడానికి చెబుతున్నాను. పైగా దీన్ని తప్పించుకోవడం చాలా సులువు. వేడికి లిస్టీరియా చస్తుంది. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచితే చాలు, పాశ్చరైజ్ చేయడమంటే అదే. ఇంట్లో పాలు పొంగు వచ్చేదాకా కాస్తే ఇంకా నిశ్చింత. కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగు మీరు తింటూనే ఉన్నారు, అలాగే తినండి. చీజ్ కొనేటప్పుడు పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినదని ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. గట్టి చీజ్‌తో సాధారణంగా ఇబ్బంది లేదు. మెత్తటి బ్రీ, నీలి గీతలుండే రకాలు మాత్రం బాగా వేడిచేసి వండితే తప్ప వద్దు. ప్యాకెట్‌లోంచి తీసి నేరుగా తినే చల్లటి మాంసం ముక్కలు, పొగబెట్టిన చల్లటి చేప కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఆవిర్లు వచ్చేదాకా వేడిచేస్తే తినొచ్చు.

మొలకల సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదని గర్భిణికి పచ్చి మొలకలు పెట్టేవాళ్లే ఎక్కువ. మొలకెత్తడానికి గింజకు కావలసిన తడి, వెచ్చదనమే క్రిములకూ కావాలి. గింజ పగుళ్లలో దాక్కున్న సాల్మొనెల్లా, ఈకోలై లాంటివి కడిగితే పోవు. మొలకలు మానొద్దు, బాగా ఉడికించి తినండి.

గుడ్డు వద్దన్న వాళ్లకి ఈ మాట చెప్పండి: గర్భిణికి ఇంత తక్కువ శ్రమతో ఇన్ని పోషకాలు ఇచ్చే ఆహారం గుడ్డు లాంటిది మరొకటి వెతకడం కష్టం. మంచి మాంసకృత్తులు, బీ12, బిడ్డ మెదడుకు కావలసిన కోలిన్, అన్నీ ఉన్నాయి. ఒకటే నియమం, తెల్లసొనతో పాటు పచ్చసొన కూడా గట్టిపడాలి. సగం ఉడికిన గుడ్డు, పచ్చిగుడ్డు కలిపిన పానీయాలు, ఇంట్లో పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్, అలాంటి ఐస్‌క్రీమ్ మానేయండి. కంపెనీ సీసాల్లో వచ్చే మయోనైజ్‌లో సాధారణంగా పాశ్చరైజ్ చేసిన గుడ్డే వాడతారు, లేబుల్ చూసి వాడుకోండి.

మాంసం తినేవారైతే లోపల ఎర్రదనం పోయి, కారే రసం తేటగా అయ్యేదాకా ఉడకాలి. థర్మామీటరు ఉంటే కోడిమాంసం లోపల 74 డిగ్రీలు, కీమా 71 డిగ్రీలు దాటాలి. సరిగా ఉడకని మాంసంలో, కడగని కూరగాయల మీది మట్టిలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. ఇది గర్భంతో ఉండగా మొదటిసారి సోకితే బిడ్డ కళ్లకు, మెదడుకు హాని చేయగలదు. పిల్లి మలంలో కూడా ఉంటుంది. ఇంట్లో పిల్లి ఉంటే దాని పెట్టె శుభ్రం చేసే పని ఈ తొమ్మిది నెలలూ ఇంకెవరికైనా అప్పగించండి. ఆకుకూరలు రెండు మూడు నీళ్లలో కడగండి. పచ్చి మాంసం కోసిన కత్తి, పలక సబ్బుతో కడగకుండా సలాడ్‌కి వాడొద్దు. చాలా ఇళ్లలో మాంసం బాగానే ఉడుకుతుంది గానీ పొరపాటు జరిగేది ఈ పలక దగ్గరే.

మాంసాల్లో ఒక్క కాలేయం గురించి విడిగా చెప్పాలి. ఐరన్ ఉందని గర్భిణికి కాలేయం ప్రత్యేకంగా వండి పెడతారు. ఐరన్ నిజమే. కానీ అందులో రెటినాల్ రూపంలో ‘విటమిన్-ఏ’ విపరీతంగా ఉంటుంది. రోజుకు 3000 మైక్రోగ్రాములు దాటితే, ముఖ్యంగా తొలి నెలల్లో, బిడ్డ అవయవాలు ఏర్పడటంలో లోపాలు రావచ్చు. వంద గ్రాముల కాలేయంతోనే ఆ పరిమితి దాటిపోవచ్చు. కాబట్టి కాలేయం, కాడ్‌లివర్ ఆయిల్ మానేయండి. విటమిన్ మాత్రల్లో కూడా రెటినాల్ ఉందేమో డాక్టరుకు చూపించండి. క్యారెట్, గుమ్మడి, ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్ వేరు. దాన్ని శరీరం తనకు కావలసినంతే విటమిన్-ఏ‌గా మార్చుకుంటుంది, కాబట్టి భయం లేదు.

చేప వద్దన్నవాళ్ల మాటలో సగం నిజం ఉంది. సముద్రంలోకి చేరిన పాదరసాన్ని బాక్టీరియా మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. దాన్ని చిన్నచేప మింగుతుంది, చిన్నచేపల్ని పెద్దచేప తింటుంది, ఇలా పైకి పోయేకొద్దీ పేరుకుంటూ పోతుంది. అందుకే ఎక్కువ ఏళ్లు బతికి వేటాడే సొరచేప, కత్తిచేప, మార్లిన్, పెద్ద ట్యూనా రకాల్లో ఇది ఎక్కువ. ఉడికిస్తే పోయేది కాదు. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన విషాదంలో ప్రపంచం దీన్ని చూసింది. సముద్రంలోకి వదిలిన కర్మాగారం వ్యర్థాల పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరింది. తమలో పెద్దగా లక్షణాలే లేని కొందరు తల్లులకు తీవ్రమైన మెదడు లోపాలతో బిడ్డలు పుట్టారు. మాయ విషాన్ని ఆపుతుందన్న నమ్మకం అప్పటితో పోయింది.

అయినా చేప మానొద్దనే చెబుతాను. బిడ్డ మెదడుకు, కంటికి కావలసిన డీహెచ్ఏ అనే కొవ్వు చేపల్లో దొరికినంతగా వేరే ఆహారంలో దొరకదు. చిన్నచేపలు, ఉదాహరణకు సార్డిన్, యాంకోవీ, ఇంకా సాల్మన్, తిలాపియా, రొయ్యలు, వీటిలో పాదరసం తక్కువ. ఇలాంటివి వారం మొత్తం మీద 225 నుంచి 340 గ్రాముల వరకు, అంటే రెండు మూడు పూటలకు సరిపడా తినొచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా. బాగా ఉడికించి తినాలి, పచ్చి చేప వద్దు.

కాఫీ పూర్తిగా మానక్కర్లేదు. రోజుకు కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోండి. ఒక పెద్ద కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో సుమారు 100, అదే కప్పు టీలో సుమారు 75, కోలా క్యాన్‌లో 40 దాకా ఉంటుంది. గర్భంలో కెఫీన్ ఒంట్లోంచి బయటికి పోవడానికి మామూలు కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది, అందుకే ఈ పరిమితి. కాఫీ, టీ రెండూ తాగే అలవాటుంటే కలిపి లెక్కేసుకోండి. ఎనర్జీ డ్రింకులు వద్దు. మద్యం విషయంలో మాత్రం ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదు, ఒక్క చుక్క కూడా వద్దు.

ఆ మూలికల పొడి వాడకండి. అందులో ఏముందో మీకు తెలియదు, ఇచ్చినవాళ్లకూ బహుశా తెలియదు. వంటలో చిటికెడు వాడే దినుసు వేరు, దాన్నే పొడిచేసి చెంచాలకొద్దీ మందుగా తీసుకోవడం వేరు. చాలా మూలికలను గర్భిణుల మీద ఎవరూ సరిగా పరీక్షించలేదు. కొన్ని మూలికా మందుల్లో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. మొక్కల నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు అనే మాట నమ్మొద్దు, పచ్చి బొప్పాయి పాలు కూడా మొక్కలోంచి వచ్చినవే కదా.

వాంతులకు ఇంట్లో చేయగలిగింది చాలానే ఉంది. కడుపు ఖాళీగా ఉంటే వికారం పెరుగుతుంది. అందుకని మూడు పూటల తిండిని ఐదారు చిన్న విడతలుగా చేసుకోండి. పొద్దున మంచం దిగకముందే రెండు బిస్కెట్లో, కాస్త పొడి బ్రెడ్డో నమిలి, కొద్దిసేపు అలాగే ఉండి లేవండి. వేడివేడి తిండి వాసనే చాలామందికి పడదు. అలాంటప్పుడు ఆవిరి తగ్గాక తినండి, కానీ గంటల తరబడి బయట ఉంచినది కాదు. నీళ్లు తిండితో పాటు కాకుండా మధ్యమధ్యలో కొద్దికొద్దిగా తాగండి. అల్లం కొంతమందికి పనిచేస్తుందని అధ్యయనాలున్నాయి, టీలోనో తిండిలోనో మామూలుగా వేసుకోండి. దీనికీ తగ్గకపోతే గర్భిణులకు సురక్షితమైన మందులు డాక్టరు దగ్గర ఉన్నాయి. ఓర్చుకోవాలి, అందరికీ ఉండేదే కదా అని సరిపెట్టుకోవద్దు. రోజంతా ఏదీ కడుపులో నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, ముదురు రంగులో వస్తున్నా, లేస్తే తల తిరుగుతున్నా, బరువు తగ్గిపోతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

వాంతులు ఎక్కువగా ఉన్న ఈ వారాల్లో సమతులాహారం అంటూ మిమ్మల్ని మీరు వేధించుకోకండి. ఏది నిలిస్తే అది తినండి. తొలి మూడు నెలల్లో అదనపు కేలరీలు దాదాపు అవసరం లేదు. ఇద్దరి కోసం తినమంటారు గానీ రెండో వ్యక్తి ఇప్పుడు బొటనవేలంత కూడా లేడు. నాలుగో నెల నుంచి రోజుకు సుమారు 340 కేలరీలు, చివరి మూడు నెలల్లో సుమారు 450 కేలరీలు ఎక్కువ కావాలి. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు పప్పుగింజలు కలిస్తే దాదాపు ఆ లెక్కకు వస్తుంది.

నిలుస్తున్న కొద్దీ ఒక్కొక్కటే మళ్లీ పళ్లెంలోకి తెచ్చుకోండి. ముందుగా పప్పుధాన్యాలు, ఉడికించిన గుడ్డు. తర్వాత ఆకుకూరలు, నువ్వులు, వేరుసెనగ, ఆ తర్వాత చేప. శాకాహారులైతే బీ12 ఎక్కడినుంచి వస్తోందో చూసుకోవాలి. పాలు, పెరుగు కొంత ఇస్తాయి. అవీ తీసుకోనివాళ్లకు మాత్ర తప్పనిసరి. ఉప్పు అయోడిన్ కలిపినదే వాడండి. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, బిడ్డ మెదడు ఎదగడానికి అది చాలా అవసరం. ఆరోగ్యమని ఇప్పుడు చాలామంది మారిపోతున్న రాతి ఉప్పులో సాధారణంగా అది ఉండదు.

ఎంత బాగా తిన్నా రెండు మాత్రలు మాత్రం తిండితో భర్తీ కావు. ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు, ఐరన్ 30 నుంచి 60 మిల్లీగ్రాములు తీసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ డాక్టరు రాసిన మోతాదే వాడండి. బిడ్డ వెన్నెముకగా, మెదడుగా మారే నాళం చివరి నెలసరి నుంచి లెక్కపెడితే ఆరో వారానికే మూసుకుపోతుంది. అందుకే ఫోలిక్ ఆమ్లం గర్భానికి ముందు నుంచే వేసుకోవాలంటారు. మీరు ఇప్పటిదాకా వేసుకోకపోతే కంగారుపడకండి, ఆ సంగతి డాక్టరుకు చెప్పి ఇవాళే మొదలుపెట్టండి. ఐరన్ మాత్రను నారింజ, జామ లాంటి పండుతోనో నిమ్మరసంతోనో వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది. టీ, కాఫీ, పాలతో వేసుకుంటే చాలావరకు వృథా. కాల్షియం మాత్రకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తే భయపడకండి, ఐరన్ వల్లే. మలబద్ధకం మరీ బాధిస్తే మాత్ర మానేయకుండా, రకం మార్చమని అడగండి.

నీళ్ల గురించి తేలిగ్గా తీసుకోవద్దు. కలుషితమైన నీటితో వచ్చే ‘హెపటైటిస్-ఈ’ మామూలు మనిషికైతే తగ్గిపోయే కామెర్ల జబ్బే. కానీ గర్భిణికి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ప్రాణం తీసేంత తీవ్రం కాగలదు. నీటి మీద నమ్మకం లేని చోట మరగకాచి చల్లార్చిన నీళ్లే తాగండి. బయట ఐసు వేసిన రసాలు, కోసిన పండ్లు, పచ్చి సలాడ్లు, పచ్చి చట్నీలు వద్దు. బయట తినాల్సివస్తే కళ్లముందు పొయ్యి మీదినుంచి దిగిన వేడి వంటకం ఎంచుకోండి. ఇంట్లో వండింది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, ఎండ ముదిరిన రోజుల్లో గంటే. ఫ్రిజ్‌లోంచి తీసింది ఆవిర్లు చిమ్మేదాకా, ఒక్కసారి మాత్రమే వేడిచేయండి. రెండు రోజులు దాటితే గర్భిణికి పెట్టొద్దు.

ఇంట్లోవాళ్లతో వాదించి గెలవాలని చూడకండి. వద్దంటున్నది మీ మీద ప్రేమతోనే, వాళ్లకు తెలిసిన జాగ్రత్త అది. వచ్చే చెకప్‌కి మీ అమ్మగారినో అత్తగారినో వెంట తీసుకెళ్లండి. గుడ్డు, చేప గురించి వాళ్ల చేతే డాక్టరును అడిగించండి. మీరు ఫోన్ చూపించి చెప్పిన దానికంటే ఆ ఒక్క జవాబు వంటింట్లో ఎక్కువ పనిచేస్తుంది. ఒకవేళ ఒకరు పచ్చి బొప్పాయో, ఇంకేదో వద్దంటే, అది మానినందువల్ల పోయేదేమీ లేకపోతే మానేయండి. పట్టుబట్టాల్సింది పప్పు, గుడ్డు, ఆకుకూర, చేప లాంటి వాటి దగ్గర.

అదే చెకప్‌లో థైరాయిడ్ పరీక్ష గురించి కూడా అడగండి. 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష ఉంటుంది, దాన్ని వాయిదా వేయొద్దు. కుటుంబంలో షుగర్ ఉంటే ఇంకా ముందే చేస్తారు. పండ్లు మంచివని రసాలు గ్లాసులకొద్దీ తాగడం ఇప్పటినుంచే తగ్గించి, పండునే కొరికి తినడం అలవాటు చేసుకోండి.

ఇకమీదట ఎప్పుడైనా పొరపాటున సగం ఉడికిన గుడ్డో, కోసిపెట్టిన పండో తినేస్తే వెంటనే ఏదో జరిగిపోతుందని అనుకోవద్దు. అలా తిన్నవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. తిన్న తేదీ రాసిపెట్టుకోండి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, ఒళ్లునొప్పులతో పాటు విరేచనాలు పట్టుకున్నా, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో చెప్పండి. లిస్టీరియా తిన్న కొన్ని వారాలకు, ఒక్కోసారి రెండు నెలలు దాటాక కూడా బయటపడుతుంది. తొందరగా గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో తల్లినీ బిడ్డనూ కాపాడొచ్చు.